తొమ్మిదో గూడు

దీపపు పెట్టె మూత తీసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదని మా మామగారి నియమం. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదలాలి. ఏప్రిల్ పొద్దుటి చలికి క్రేగ్‌డూ అడవిలో ఊపిరి పొగలా వస్తుంది. ఆ కాస్త వెచ్చదనానికే లోపల నిద్రపోతున్నవి కదులుతాయి. ముందురోజు సాయంత్రం వెలిగించిన దీపానికి వచ్చి పెట్టెలోకి జారిన చిమ్మటలన్నీ, మేము పేర్చి ఉంచిన కోడిగుడ్ల అట్టల గుంటల్లో ఒక్కొక్కటే ముడుచుకుని ఉంటాయి. నేను అట్ట ఎత్తుతాను. ఆయన పేరు చెబుతారు. నేను పెన్సిల్‌తో రాస్తాను. ఆ చలికి పెన్ను రాయదు.

చిమ్మటలంటే ఉన్ని కోట్లు కొరికేవేగా అని ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. పెళ్లయి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు అట్ట ఎత్తగానే ఆయన నోరు తెరవకముందే నాకు సగం పేర్లు తెలుస్తాయి. రెక్క మీద సిరాతో అక్షరం దిద్దినట్టుండేది ఒకటి. ఓక్ బెరడు ముక్కే విరిగి పడిందా అనిపించేది ఒకటి. అయినా పేరు ఆయన చెప్పాకే రాస్తాను. అది మా ఇద్దరి మధ్య మర్యాద.

మా మామగారి పేరు మర్డో. డెబ్బై తొమ్మిదేళ్లు. నలభై ఏళ్లు ఇదే అడవిని కాచారు. ఏ చెట్టు ఏ గాలివానకు ఒరిగిందో ఇప్పటికీ చెబుతారు, కళ్లజోడు ఎక్కడ పెట్టారో మాత్రం నన్నే అడుగుతారు. పెట్టె పని అయ్యాక ఆయన అసలు పని మొదలవుతుంది. అడవి అంచున ఇరవై బర్చ్ చెట్లకు ఎప్పుడో రేకు బిళ్లలు కొట్టి నంబర్లు వేశారు. ప్రతి ఏప్రిల్లోనూ ఒకటి నుంచి ఇరవై దాకా వరసగా కొమ్మకొమ్మా చూస్తారు. వెతికేది ఒక్కదాని కోసం. దాని పేరు కెంటిష్ గ్లోరీ. పేరులో కెంట్ ఉంది కానీ, దక్షిణాన ఉన్న ఆ కెంట్ జిల్లాలో ఇప్పుడు ఒక్కటీ లేదు. మేము ఉత్త గ్లోరీ అంటాం. మిగతా చిమ్మటల్లా కాదు, దీని మగవి పట్టపగలు ఎండలో ఎగురుతాయి. ఆడది కొమ్మకు అంటుకుని కదలకుండా కూర్చుంటుంది. రెండింటికీ నోరు ఉండదు. తినవు, తాగవు. ఉన్న వారం రోజులూ ఒకదాన్నొకటి వెతుక్కోవడమే వాటి బతుకు.

రెండు వసంతాలుగా ఆ ఇరవై చెట్ల మీద ఒక్కటీ కనబడలేదు. ఇది మూడోది.

ఏప్రిల్ రెండోవారంలో ఒకరోజు ఆర్చీ నైర్న్ వచ్చి మా వంటింట్లో కూర్చున్నాడు. మా జిల్లా చిమ్మటల జాబితా రాసేది ఆయనే. మామయ్య, ఆయన బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. తన కంటితో చూడనిదీ, ఫొటో లేనిదీ ఆయన జాబితాలోకి ఎక్కదు. అందుకు ఆయనంటే జిల్లా అంతా మండిపడుతుంది. నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చుతుంది.

"ఒరేయ్ మర్డో, ఈ ఏడాది కూడా సున్నాయేనా?" అన్నాడు, ఓట్స్ రొట్టె మీద వెన్న దట్టంగా పులుముకుంటూ.

"ఇంకా రోజులున్నాయి కదరా."

"మే మొదటి తారీకు దాకా చూస్తా. తర్వాత పేజీ మార్చేస్తా. 'ఒకప్పుడు ఉండేది' అన్న పేజీలో రాసేస్తా. అప్పుడు నా మీద పడి ఏడవకు."

"ఏడిస్తే నీ చేతిరాత చూసి ఏడవాలి. కోడి గీకినా అంతకంటే బాగుంటుంది."

"నా రాతను ఏమైనా అను. లేనిదాన్ని ఉందని రాయమనకు."

"రాయమన్నానా? ఎప్పుడైనా అన్నానా?"

"అనలేదులే. వెన్న ఇంకాస్త ఉందా ఇష్‌బెల్?"

ఆ వెన్న గిన్నె ఆయన ముందుకు జరిపాను కానీ, నా చూపు మామయ్య మీదే ఉంది. ఆయన కప్పులో టీ చల్లారిపోతోంది. ఆర్చీ వెళ్లిపోయాక బంగాళాదుంపలు చెక్కు తీయడానికి నా పక్కన కూర్చున్నారు. తనంతట తాను కత్తి పట్టుకుని కూర్చున్నారంటే ఏదో చెప్పబోతున్నారన్నమాట.

"వాడికి నేను చెప్పలేదమ్మాయ్. చెప్పి ఉండాల్సింది."

"ఏంటి మామయ్యా?"

"ఆ గుడ్లు."

ఆ గుడ్ల సంగతి నాకు తెలుసు. ఆయన ఏమనుకుంటున్నారన్నదే తెలీదు. మూడేళ్ల కిందట ఏడో నంబరు చెట్టు మీద ఒకే ఒక్క కొమ్మకు గుడ్లు కనిపించాయి, సన్నని పుల్ల చుట్టూ ఉంగరం తొడిగినట్టు. నలభై రెండు. ఆ ఏడాది ఇరవై చెట్లలోనూ ఉన్నవి అవే. పక్క కొమ్మను అప్పుడే జింక కొరికి ఉంది. రేపు దీన్నీ తినేస్తుందేమోనని ఆయన జేబులోంచి కత్తి తీసి ఆ పుల్ల కోసి ఇంటికి తెచ్చారు. ఇంట్లో గొంగళిపురుగులకు పూటపూటా లేత బర్చ్ ఆకు పెట్టారు. ఏదో జబ్బు చేసి ముప్పై ఒకటి చచ్చాయి. పదకొండు గూళ్లు కట్టుకున్నాయి. మరుసటి ఏప్రిల్లో రెండు బయటికొచ్చాయి, రెండూ రెక్కలు ముడుచుకుపోయిన మగవే. మిగతా తొమ్మిదీ తెరుచుకోలేదు.

"కాపాడదామని తెచ్చాను. అడవిలో ఉన్నదంతా జేబులో పెట్టుకుని తెచ్చేశాను," అన్నారు మామయ్య. "జింక తిన్నా సగమైనా మిగిలేవి. అవే ఆఖరివైతే, వాటిని లేకుండా చేసింది జింక కాదు, నేను. వాడు పేజీ మార్చేటప్పుడు కింద నా పేరు కూడా రాయాలి."

ఓదార్పు మాటలు ఆయనకు గిట్టవు. "మొలకలొచ్చే ఆ కళ్లు తీయకుండా దుంప పక్కన పెట్టారు," అన్నాను. ఆయన మళ్లీ తీసుకుని కళ్లు తీశారు.

ఆయనకు తెలియని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. ఆ తొమ్మిది గూళ్లూ పారేయమని ఆయన నాకు రెండేళ్ల కిందటే చెప్పారు. నేను పారేయలేదు. నాచు పరిచిన బిస్కెట్ల డబ్బాలో పెట్టి, బురద బూట్లుండే ముందు వరండాలో, చలి తగిలే అరలో ఉంచాను. ఒక్కో గూటికి దారం కట్టి నంబరు వేశాను. రొట్టెల్లో వేసే ఈస్ట్ తూచుకునే చిన్న త్రాసు నా దగ్గర ఉంది, గ్రాములో పదో వంతు చూపిస్తుంది. రెండు వారాలకోసారి తొమ్మిదింటినీ తూచి, వంటల పుస్తకం వెనక అట్ట మీద రాశాను. కాలేజీలో నాలుగేళ్లు చదివిన రసాయనశాస్త్రంలో నాకు మిగిలింది ఆ ఒక్క అలవాటే, తూచితే రాసిపెట్టడం. ఎనిమిది గూళ్లు నెలనెలా తేలికైపోయి తాలు గింజల్లా అయ్యాయి. తొమ్మిదోది మొదట ఒకటీ పాయింట్ ఆరు. రెండు చలికాలాలు గడిచాక ఒకటీ పాయింట్ ఐదు.

అంటే లోపల ఎవరో ఉన్నారు. మేము రోజుకు పదిసార్లు తలుపు ధడేల్మని వేస్తున్నాం, బూట్లు విసిరేస్తున్నాం, బయట నాలుగడుగుల మంచు పడి కరిగి మళ్లీ పడుతోంది. ఆ డబ్బాలో మాత్రం ఒక ప్రాణం, ఇంకా వేళ కాలేదని, తన లెక్కేదో తాను చూసుకుంటోంది. త్రాసు మీద ఆ అంకె చూసినప్పుడల్లా నాకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. ఆయనకు చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పాక అది చచ్చిపోతే? అందుకని అంకె మాత్రం రాసి పుస్తకం మూసేసేదాన్ని.

పదిహేడో తారీకు గురువారం పొద్దున ఏడింటికి గంజి కలుపుతున్నాను. నా భర్త నీల్ రోడ్ల మీద మంచు తీసే బండి నడుపుతాడు, కనుమ మీద ఇంకా మంచు ఉందని ఐదింటికే వెళ్లాడు. ఇల్లంతా నిశ్శబ్దం. వరండాలో గోరుతో రేకు గీకినట్టు చప్పుడు. ఎలుకేమో అనుకుని చీపురుతో వెళ్లాను. చప్పుడు డబ్బాలోంచి.

మూత తీసేసరికి అది గూట్లోంచి సగం బయట ఉంది. తడిగా, రెక్కలు రెండు ఎండిన ఆకు ముక్కల్లా వేలాడుతూ, ఒళ్లంతా బూడిదరంగు బొచ్చుతో. డబ్బా అంచు నున్నగా ఉంది, కాళ్లు జారుతున్నాయి. వేలు పెట్టాను. వేలెక్కింది, వేలి మీంచి మణికట్టు, అక్కణ్ణుంచి నా ఏప్రన్. ఛాతీ దగ్గర ఆగి, గుడ్డను గట్టిగా పట్టుకుని వేలాడింది. నేను అక్కడే బూట్ల బల్ల మీద కూర్చుండిపోయాను.

చిన్నప్పుడు నీళ్లలో వేస్తే విచ్చుకునే కాగితం పూలు ఉండేవి. ఇది అలా కాదు. అవి విచ్చుకోవడం కంటికి కనిపించేది. దీన్ని రెప్ప వేయకుండా చూస్తున్నా, రెక్క ఎప్పుడు పెరిగిందో తెలియలేదు. చూసినప్పుడల్లా ఇందాకటి కంటే పెద్దదిగా ఉంది. బూడిద తెలుపు, మధ్యలో గోధుమరంగు గీతలు వంకర్లు తిరుగుతూ, ఒక్కో గీత పక్కన తెల్లటి అంచు. మూడేళ్ల కిందట కడుపులో దాచుకున్న ఆకు రసంతో ఇదంతా ఇప్పుడు గీస్తోంది. నా గుండె కొట్టుకుంటున్నప్పుడల్లా ఏప్రన్ కదిలి దాని మీసాలు వణికాయి. కాస్త నెమ్మదిగా కొట్టుకోవే అని నా గుండెకే చెప్పుకున్నాను.

మామయ్య మెట్లు దిగి వచ్చారు. "అమ్మాయ్, గంజి మాడి ఇల్లంతా కంపు కొడుతోంది. నీ ఇరవై రెండేళ్ల కాపురంలో గంజి మాడడం..."

నా ఏప్రన్ మీదున్నదాన్ని చూశారు.

చాలాసేపు తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి కింద కూర్చున్నారు. ఆయన ముఖం ఏప్రన్‌కు జానెడు దూరంలో ఉంది. పక్కకు తిరిగి ఊపిరి వదులుతున్నారు.

"ఎక్కడిది?"

"తొమ్మిదో నంబరు. మీరు పారేయమన్నారు. నేను పారేయలేదు."

"అబద్ధాలకోరువి," అన్నారు, ఎంతో మెల్లగా. మళ్లీ కాసేపటికి, "ఆడది," అన్నారు.

పదింటికి దాని రెక్కలు గట్టిపడ్డాయి. ఏప్రన్ మీద ఇటుకరంగు నీళ్ల మరక వేసింది. పుట్టగానే అన్నీ అలాగే చేస్తాయి. ఆ తర్వాత ఒళ్లు కాస్త పైకెత్తి, తోక చివరను బయటికి చాచి, మళ్లీ లోపలికి తీసుకుంది. మళ్లీ చాచింది.

"పిలుస్తోంది," అన్నారు మామయ్య.

మాకేమీ వినపడలేదు. ఏ వాసనా తగల్లేదు. కానీ ఆ క్షణాన గాలి పోయే దారిలో మైలు దూరంలో ఒక్క మగది ఉన్నా దానికి ఈ కబురు అందుతుంది. అది గాలికి ఎదురెక్కి వస్తుంది. లేకపోతే ఇది ఐదారు రోజులు పిలిచి పిలిచి ఆగిపోతుంది. రెండింటిలో ఏది జరుగుతుందో మా ఇద్దరికీ తెలియదు. ఆయన దాని దగ్గర్నుంచి కదల్లేదు. ఆర్చీకి ఫోన్ నేనే చేశాను.

పాత తెర గుడ్డను రెండు ఎంబ్రాయిడరీ చట్రాలకు కుట్టి, పొడుగాటి సంచిలా చేశాను. ఆడదాన్ని వేలి మీద ఎక్కించుకుని అందులోకి దింపాను. మరకపడ్డ ఏప్రన్ విప్పాక ఒక్క క్షణం ఆగాను. ఉతకని గుడ్డ ఏదీ నేను తీగ మీద వేయను. నానబెడదామంటే "ఎండ పోతోంది, రా అమ్మాయ్" అని ఆయన వాకిట్లోంచి తొందరపెడుతున్నారు. మనసొప్పకపోయినా దాన్ని అలాగే పెరట్లో తీగకు రెండు క్లిప్పులు పెట్టి తగిలించి, ఆయన వెనక నడిచాను.

సంచిని ఏడో నంబరు చెట్టుకే కట్టాలన్నారు ఆయన. ఎక్కడ కోశారో అక్కడే. ఎండ బాగా కాసింది. దక్షిణపు గాలి, ఏప్రిల్‌కు వెచ్చగానే ఉంది. ఆర్చీ మెడకు కెమెరా తగిలించుకుని, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"పెళ్లిచూపులకు వచ్చినట్టుందిరా," అన్నాడు. "పిల్ల తయారు, పెద్దలు తయారు. పిల్లాడే ఇంకా రాలేదు."

"నీ నోటి దుర్వాసనకు దారి తప్పి ఉంటాడు."

పన్నెండైంది. ఒంటిగంటైంది. ఆడది సంచిలో తలకిందులుగా వేలాడుతూ, తోక చాచి పిలుస్తూనే ఉంది. మగది నారింజరంగులో ఉంటుంది కనక, ఆ రంగువి ఏవి ఎగిరినా ముగ్గురం ఒకేసారి తల తిప్పాం. రెండుసార్లు పోయినేటి ఎండుటాకు. ఒకసారి సీతాకోకచిలుక. ఆ చెట్లు నాకు ఆ రోజు ఎంతో ఎత్తుగా కనిపించాయి. పెళ్లైన కొత్తలో ఆ రేకు బిళ్లలు కొట్టేటప్పుడు నేనే మేకులు అందించాను. అప్పుడు చెట్లు నా భుజం దాకా ఉండేవి. ఇప్పుడు కొనకొమ్మ చూడాలంటే టోపీ పట్టుకుని తలెత్తాలి. ఆ సంగతి అలా తోచి ఊరుకున్నాను. దాన్ని పట్టుకుని ఇంకో అడుగు ముందుకు ఆలోచించలేదు.

రెండు దాటాక మామయ్య చెప్పేశారు. కుర్చీ దగ్గరకు వెళ్లి, నిలబడే, మొత్తం చెప్పారు, గుడ్లు, కత్తి, పదకొండు గూళ్లు. ఆర్చీ కెమెరా ఒళ్లో పెట్టుకుని విన్నాడు. వేళాకోళం చేయలేదు.

"మూడేళ్లు ఇది కడుపులో పెట్టుకుని తిరిగావా?" అన్నాడు.

"మరి ఏం చేయమంటావ్?"

"నాకు చెప్పి ఉండాల్సిందిరా వెధవా. నేనూ అదే చేసేవాణ్ణి. జింక కొరికిన కొమ్మ పక్కన గుడ్లుంటే ఎవడు వదిలి వస్తాడు?" కాస్త ఆగి, తల వంచుకుని అన్నాడు. "కానీ మర్డో, ఇంత ఎండలో, ఇంత గాలిలో, ఆడది నాలుగ్గంటలు పిలిచినా ఒక్కటీ రాలేదంటే..."

"తెలుసురా. పూర్తి చేయకు."

నేను అక్కడ ఉండలేకపోయాను. పొయ్యి మీద మాంసం సూపు సన్నటి సెగన వదిలి వచ్చాను, చూసి టీ కూడా తెస్తానని చెప్పి ఇంటికి బయల్దేరాను. ముప్పావు మైలు. దారి పొడుగునా, ఎండిపోయిన ఆ ఎనిమిది గూళ్ల బరువులు ఒక్కొక్కటీ గుర్తొస్తూనే ఉన్నాయి.

పెరటి గేటు తీశాను. తీగ మీద నా ఏప్రన్ ఊగుతోంది. దాని చుట్టూ నిప్పురవ్వలాంటిదేదో తిరుగుతోంది.

మొదట ఒకటే అనుకున్నాను. గేటు వేయడం కూడా మరిచిపోయి నిలబడ్డాను. తుప్పురంగు, లోపలి రెక్క ముదురు నారింజ. ఎంత వేగమంటే, రెక్కలు కనిపించలేదు, రంగు మాత్రం కనిపించింది. ఏప్రన్ చుట్టూ తిరిగి, మరక మీద వాలి, పిచ్చిగా దాని మీద పాకి, లేచి, మళ్లీ వాలింది. అది వాలినప్పుడు ఇంకొకటి దాని పైనుంచి వచ్చింది. కోళ్ల గూడు మీదుగా మూడోది. రాయిగోడ దాటి, నేలకు మోకాలెత్తున, అటూ ఇటూ కొట్టుకుంటూ నాలుగోది. ఇన్నేళ్లలో నేను ఎగిరే మగదాన్ని చూసింది ఐదుసార్లు, అదీ దూరం నుంచి. ఇప్పుడు నా క్లిప్పుల మధ్య నాలుగున్నాయి. ఒకటి నా ముంజేతి మీద వాలింది. పొద్దున నా మణికట్టు మీదుగానే పాకింది కదా ఆడది. దాని మీసాలు పక్షి ఈకల్లా విచ్చుకుని ఉన్నాయి. అవి నా చర్మానికి తగిలాయి. నోరు లేని ప్రాణి, మూడేళ్లు నిద్రపోయిన ఒకదాని జాడను నా చేతి మీద చదువుతోంది. ఆ క్షణంలో నా పేరు అడిగినా చెప్పలేకపోయేదాన్ని.

అప్పుడు గోడ వైపు చూశాను. అన్నీ గోడ దాటే వస్తున్నాయి, ఒక్కటీ అడవి వైపు నుంచి రాలేదు. గాలి దక్షిణం నుంచి వీస్తోంది. తీగ మీది వాసన పోయేది ఉత్తరానికి, అంటే గోడ అవతలి మాథసన్ గుట్ట మీదికి. మాథసన్ తొమ్మిదేళ్ల కిందటే గొర్రెలు అమ్మేశాడు. మేసే నోళ్లు లేక గుట్టంతా బర్చ్ మొలకలు లేచాయి, నడుమెత్తున, వేలకొద్దీ. గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి రోజూ చూస్తున్నాను. మామయ్యకు మాత్రం అది ఇంకా గొర్రెల బీడే. ఆయన పటంలో అక్కడ అడవి లేదు.

గ్లోరీలు లేత బర్చ్ మీదే గుడ్లు పెడతాయి. ఆ మాట నాకు నేర్పింది ఆయనే. మేమేమో ఇరవై చెట్లకు నంబర్లు కొట్టి, అవి ముదిరి ఇంటికంటే ఎత్తయినా, నంబర్లున్నాయి కదా అని వాటినే చూస్తూ కూర్చున్నాం.

వాళ్లను పిలవాలి. అడవిలో ఫోన్ పనిచేయదు. పరిగెత్తుకు వెళ్లివచ్చేలోగా ఇవి వెళ్లిపోతే ఆర్చీ జాబితాలో నా మాట చెల్లదు. వంటింట్లోంచి ఇనప పెనం, గరిటె తెచ్చి, గేటు బయట నిలబడి బాదాను. వాకిళ్లు మంచుతో మూసుకుపోయిన రోజుల్లో భోజనానికి అలాగే పిలుస్తాను. ఇంత గట్టిగా మాత్రం ఎప్పుడూ కొట్టలేదు.

ముందు ఆర్చీ కనిపించాడు, కెమెరా గుండెకు అదుముకుని. వెనక మామయ్య, సంచిని కోటులో దాచి పట్టుకుని.

"ఏమైంది! ఇల్లు తగలబడిందా? సూపు మాడిందా?"

"మాట్లాడకండి," అన్నాను. "ఊపిరి పక్కకు తిరిగి వదలండి."

ఇద్దరూ గేటు దగ్గరే ఆగిపోయారు. అప్పటికి ఏడున్నాయి. ఏడని లెక్క పెట్టి మరీ చెబుతున్నాను. ఆర్చీ కెమెరా కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపటి దాకా మీట నొక్కిన చప్పుడు వినపడలేదు.

మామయ్య కోటు గుండీ విప్పారు. సంచి బయటికి రాగానే తీగ మీద ఉన్నవన్నీ ఒక్కసారి చెదిరి, గాలిలో గిర్రున తిరిగి, ఆయన మీదికి వచ్చాయి. టోపీ మీద, భుజం మీద, చేతుల మీద. మనిషి కదల్లేదు. కళ్లు మాత్రం మూసుకున్నారు. నేను సంచి మూతి విప్పాను. అన్నిటికంటే ముందున్నది లోపలికి దూరింది. క్షణంలో రెండూ ఒకదాని పక్కన ఒకటి నిశ్చలంగా వేలాడాయి.

"ఎటునుంచొచ్చాయమ్మాయ్?" కళ్లు తెరవకుండానే అడిగారు.

"మాథసన్ గుట్ట."

"అక్కడ అడవి లేదే."

"ఉంది మామయ్యా. నా నడుము దాకా ఉంది."

ఆయన కళ్లు తెరిచి గోడ అవతలికి చూశారు. ఆ గుట్టను ఎన్నేళ్ల తర్వాత చూశారో ఆయనకే తెలియాలి. ఆర్చీ మాత్రం తీగ దగ్గరకు వెళ్లి ఏప్రన్ అంచు రెండు వేళ్లతో పట్టుకుని, "దీన్ని ఉతకలేదా ఇష్‌బెల్? నువ్వా?" అన్నాడు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"టైము లేకపోయింది."

"దేవుడు గొప్పవాడు," అన్నాడు ఆర్చీ. నాస్తికుడని ఊరంతా చెప్పుకునే మనిషి.

సాయంత్రం ఎండ ఉండగానే సంచిని గుట్ట మీదికి తీసుకెళ్లి, ఆడదాన్ని ఒక లేత బర్చ్ మీదికి వదిలాం. ఆర్చీ మే మొదటి తారీకు దాకా ఆగకుండా, గ్లోరీ ఉందని తన పుస్తకంలో ఆ గోడ మీదే కూర్చుని ఏప్రిల్లోనే రాసేశాడు. ఆ రాత కోడి గీకినట్టే ఉంది. మామయ్య రెండుసార్లు చదివించుకున్నారు.

మర్నాడు పొద్దున ఆయనే ముందు లేచారు. గంజి కూడా తాగకుండా గుట్టెక్కుతుంటే నేను వెనక వెళ్లాను. నడుమెత్తు చెట్ల మధ్య ఆయన భుజాలు పడవలా వెళ్తున్నాయి. ఎన్ని చెట్లో. ఏ చెట్టుకూ నంబరు లేదు. మొక్కల కొసల్లో ఊదారంగు మొగ్గలు ఇంకా విప్పలేదు, ఎండకు ఆ గుట్టంతా పొగ కమ్మినట్టుంది.

ముందు రోజు వదిలిన చోటికి ఏడడుగుల అవతల ఆయన ఆగారు. సన్నని పుల్ల చుట్టూ ఉంగరం. పసుపురంగు గుడ్లు, ఒకదాని పక్కన ఒకటి, ఎవరో లెక్కపెట్టి పొదిగినట్టు.

నేను వంగి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. పక్క మొక్కనూ చూశాను, అది నాకు అలవాటు. చిటారు కొమ్మను జింక కొరికి ఉంది, కాటు పచ్చిగానే ఉంది.

చెప్పకూడదనుకున్నాను. కానీ చూసింది చెప్పకపోవడం నాకు చేతకాదు. "మామయ్యా, జింక వచ్చింది."

"చూశాను."

ఆయన చెయ్యి అలవాటుగా కోటు జేబులోకి వెళ్లింది. కాసేపు అక్కడే ఉంది. బయటికి వచ్చినప్పుడు వట్టిదే.

"కత్తి ఇంట్లో పెట్టి వచ్చాను," అన్నారు. "రా, అదిగో ఆ వరసలో ఇంకా వెతుకుదాం."